ప్రత్యుత్తరము రాని కాలము

వ్రాయువానికి కలుగు కష్టములలో దారిద్ర్యమును గూర్చియు లోకనిందను గూర్చియు పెద్దలు విస్తారముగ చెప్పియున్నారు. నిరీక్షణమును గూర్చి చెప్పినవారు తక్కువ. నిందకు బదులు చెప్పవచ్చును; మౌనమునకు ఏమని బదులు చెప్పుదుము? వ్రాత పంపియైనది, నెలలు గడచినవి, బాగున్నదనిగాని లేదనిగాని ఒక్క మాట రాదు. పూర్వము తపాలావాని కొఱకు వీధివాకిట నిలుచుచుండిరి. ఇప్పుడు చేతిలోని ఫోనును గడియకొకసారి తెఱచి చూచుచున్నారు. ఈ మధ్య మా మధిరలో, నాయొద్ద చదువుకొని కథలు వ్రాయుచున్న యువకుడొకడు, “మాస్టారూ, ఎవరును చదువనిది వ్రాయుట యెందుకండీ? అది అహంకారము కాదా?” అని యడిగెను. ప్రశ్నలోని రెండవ భాగము నన్ను కొన్ని దినములు విడువలేదు.

మొదటి భాగమునకు మనవారియొద్ద సమాధానము సిద్ధముగనే యున్నది. పని చేయుము, ఫలము కోరకుమందురు. గీతయందు నాకు గౌరవము తక్కువ లేదు. కాని ఈ మాటను వ్రాతగానికి ఉపదేశించుట ఉచితము కాదని నా తలంపు. సేద్యగాడు ఫలాపేక్ష లేక దున్నినను పైరు పైరే. మాట యట్టిది కాదు. అది పుట్టుచునే మఱియొకని చెవిని కోరును. వినువాడక్కఱలేని మాట మాటయే కాదు. కావున చదువరిని కోరుట లోభమనిపించుకొనదు. కోరిక దోషము కానప్పుడు, అది తీరని కాలమున మనుష్యుడెట్లు నిలువవలెనన్నదే విచారింపదగినది.

ఇందుకు మేము దూరము పోనక్కఱలేదు. నేలకొండపల్లి మాకు పొరుగూరివంటిది. ఆ యూరి కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారుగ నుండి, సర్కారు పైకముతో భద్రాద్రిరామునకు గుడి కట్టించి గోలకొండ చెఱపాలైన కథ తెలుగువారెల్లరు నెఱిగినదే. చెఱ పండ్రెండేండ్లని జనశ్రుతి. తానీషా యేలుబడి 1672 మొదలు 1687 వఱకు సాగినది గనుక పండ్రెండేండ్లు అందులో పట్టును. ఆ లెక్క చరిత్రకారులకు విడిచెదను. నేను చూడగోరునది కీర్తనల స్వభావమును. వానియందు నిష్కామత లేశమును లేదు. విడుదల కావలెనని రామదాసు బాహాటముగ నడుగును. ఒక కీర్తనలో భరతునకేమి చేయించితినో, లక్ష్మణునకేమి చేయించితినో, సీతమ్మకేమి చేయించితినో, ఒక్కొక్క నగకు ఎన్ని వరహాలు, ఎన్ని మొహరీలు పట్టినవో కరణము జమాఖర్చు వినిపించినట్లు వినిపించి, రాముని తిట్టి, దెబ్బల కోర్వలేక తిట్టితినని ఆ కీర్తనలోనే మన్నింపు వేడుకొనును. ఇంత నిజమైన నిరీక్షణము మన భాషలో వేఱొకచోట నాకు కనబడలేదు.

ఒక విశేషమును గమనింపుడు. వినువాడున్నాడా, విన్నాడా, విని యూరకున్నాడా అని రామదాసునకు సందేహము వచ్చినది. అయితే తాను కీర్తనకారుడగునా కాదా అను సందేహము నాకు తెలిసినంతలో ఆ కీర్తనలలో ఎచ్చటను లేదు. సందేహమంతయు ఎదుటివానివైపు తిరిగియున్నది. అందుచేతనే అది పాట కాగలిగినది. అదే సందేహము తనవైపు తిరిగినచో కలము నిలిచిపోవును. మా యువకుని ప్రశ్నకు నాకు తోచిన సమాధానమిదియే. చదువరి లేకున్నను వ్రాయుటలో అహంకారము లేదు. వచ్చు ప్రతి ప్రత్యుత్తరమును, రాని ప్రతి ప్రత్యుత్తరమును, తన యోగ్యతపై తీర్పుగ నెంచుటలో కలదు. పత్రికాకార్యాలయమున ఎన్ని కాగితములు గుట్టపడియుండునో ఎవరెఱుగుదురు? ఆ మౌనము నిందయు కాదు, మెప్పును కాదు.

రామదాసునకు వినువాడు దైవము, మాకెవరని యడుగవచ్చును. భవభూతి తన సమానధర్ముని కాలాంతరమునకు వాయిదా వేసెను. గొప్ప మాటయే గాని, అందు కొంత బిగువున్నది, అందఱికి చెల్లదు. ఆంగ్లకవి హాప్కిన్సు 1889లో మరణించెను. ఆయన కవితాసంపుటము 1918లో గాని వెలువడలేదు. బ్రదికియున్నన్నాళ్లు పద్యములను ఉత్తరములతో కూడ మిత్రుడు రాబర్టు బ్రిడ్జెసుకు పంపుచుండెను. పిదప అచ్చు వేయించినవాడును ఆ మిత్రుడే. ఒక్క చదువరి! ఇట్టి కథలు విని, అనాదరము పొందినవారెల్లరు మహాకవులని యూఱటపడరాదు. మఱుగుపడిన వ్రాతలలో మఱుగుపడదగినవే హెచ్చు. అందుచేతనే ఆ ఒక్క చదువరి యవసరము. మా యువకుడు తన కథ నొకదానిని మేనత్తకు చదివి వినిపించెనట. ఆమె నడుమ నిద్రపోయినదని చెప్పి సిగ్గుపడెను. ఎచ్చట నిద్రపోయినదో ఆ పంక్తి చూపుమంటిని.

ఆత్మసంశయమునకు తగిన తావు ఆ పంక్తియే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో రంగమెక్కి 1897లో అచ్చైనది. మెప్పు పొందిన నాటకమును కదల్చుటకు ఎవరికి మనసొప్పును? ఆయన దానిని విప్పి, పెంచి, తిరుగవ్రాసి, 1909లో దాదాపు క్రొత్త నాటకముగ వెలువరించెను. నడుమ పండ్రెండేండ్లు. నేడు మనము చదువునది, ఆడునది ఆ రెండవ కూర్పునే. “నేనెంతవాడను?” అని కూర్చుండినచో ఆ కాలమంతయు వ్యర్థమయ్యెడిది, “ఈ మాట ఈ పాత్ర నోట పలుకునా?” అని యడిగినచో పండ్రెండేండ్లు చాలకపోవచ్చును.

మా ఖమ్మమున చదువుకొన్న దాశరథి కృష్ణమాచార్యులు నిజాము ప్రభుత్వపు ఖైదీగ 1948లో నిజామాబాదు జైలున నుండెను. కాగితము లేదు, పత్రిక లేదు, విడుదల యెన్నడో తెలియదు. బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసెను. తోటి ఖైదీలలో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి యుండెను. జీవితమంతయు తెలుగువారిచేత పుస్తకములు చదివింప పాటుపడిన మనిషి. అగ్నిధార అచ్చైనది 1949లో. అంతవఱకు ఆ పద్యములకు గోడయే కాగితము, కటకటాల లోపలివారే చదువరులు.