గడి చిన్నదమ్మా, మాట తగ్గించు

అమ్మడూ,

నువ్వు పంపిన గుడి క్యాలెండర్ తెరిచి చూశాం. రంగులు కళగా ఉన్నాయి. నెల తిప్పితే పేజీ జారే తీరూ ముచ్చటగా ఉంది. మీ అత్తయ్య మాత్రం ఒక గడిలో ‘తదియ’ అని ఉన్నదాన్ని ‘విదియ’ అని చదివి, కాదన్నందుకు నాతో పావుగంట వాదించింది. చివరికి ఫోను నా చేతిలో పెట్టి, ‘నా జోడు మార్పించాలండీ’ అంది. నీ అక్షరాన్ని ఒక్క మాట అనలేదు చూడు. పెద్దవాళ్లతో ఇదే చిక్కు. కనబడకపోతే తమ కళ్లే పోయాయనుకుంటారు, నీదాకా ఫిర్యాదు రాదు. రాలేదు కాబట్టి అంతా బాగుందని నువ్వనుకుంటావు. అందుకే ఈ నాలుగు ముక్కలూ నేను రాస్తున్నాను.

ప్రెస్సులో సీసపు అచ్చులు పేర్చిన రోజుల్లో దసరా వెళ్లిందంటే మాకు క్యాలెండర్ల పని మొదలయ్యేది. గోడ క్యాలెండర్‌లో గడి మూడు వేళ్ల వెడల్పు ఉంటే గొప్ప. అంకె లావుగా ఉండేది, గది ఆ మూల మంచం మీంచి కూడా కనబడాలని. తిథీ నక్షత్రమూ దానికింద చిన్నవి, లేచొచ్చి చదువుకునేవాళ్లకి. వర్జ్యం, దుర్ముహూర్తం ఇంకా చిన్నవి, గోడకి ముక్కు ఆనించే ఓపిక ఉన్నవాళ్లకి. బారెడు దూరానికో సైజు, మూరెడుకొకటి, జానెడుకొకటి. ఫోన్లో ఆ మూడు దూరాలూ లేవు. చెయ్యి చాచినంత దూరమే ఉంది. చత్వారం వచ్చినవాళ్లు ఇంకాస్త వెనక్కి పెట్టి చూస్తారు తప్ప దగ్గరికి తెచ్చుకోలేరు.

నువ్వేమో మూడు సైజుల మాటలనీ ఒకే గడిలోకి దింపేశావు. లెక్క చూడు. మామూలు ఆండ్రాయిడ్ ఫోను తెర వెడల్పు సుమారు 360 పిక్సెళ్లు. ఏడు రోజులకు పంచితే గడికి 51. గీతలూ అంచులూ పోను 45 మిగులుతాయేమో. 16 పిక్సెళ్ల అక్షరంతో ‘ఉత్తరాభాద్ర’ ఆ గడిలో పట్టనే పట్టదు. పట్టించాలని నువ్వు అక్షరాన్ని 10కి దించావు. తప్పంతా అక్కడే ఉందమ్మా. అక్షరాన్ని కుదించి మాటను ఇరికించడం కాదు, మాటనే తగ్గించాలి. గడిలో అంకె ఒకటి ఉంచు. ఉత్సవం ఉంటే ఒక గుర్తు పెట్టు. అమావాస్యకి నిండు నల్ల సున్నా, పౌర్ణమికి ఖాళీ సున్నా మన గోడ క్యాలెండర్లు ఎప్పటినుంచో వేస్తున్నవే, ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తక్కిన తిథీ నక్షత్రం, అర్చన వేళలు గడిని వేలితో తాకినప్పుడు కింద వెడల్పుగా రానీ. ఫోన్లో అసలు నెల పట్టికకన్నా జాబితా మేలు. రోజు తరవాత రోజు, ఒక్కో రోజుకి తెర వెడల్పంతా దొరుకుతుంది.

నువ్వు వాడిన ఫుల్‌క్యాలెండర్‌లో ఆ జాబితా రూపం ఉండనే ఉంది. (నీకెలా తెలుసు మావయ్యా అంటావు. పని మానేశాక మనవడి పక్కన కూచుని నేర్చుకున్నాను. వాడికి విసుగొచ్చిందే తప్ప నాకు రాలేదు.) ఆ సాఫ్ట్‌వేర్ మనం ఏమీ చెప్పకపోతే తనంతట తాను చేసే పనులు కొన్ని ఉన్నాయి, అవి ఒకసారి చూసుకో. గడిలోని కార్యక్రమం పేరును చుట్టూ ఉన్న అక్షరంలో 0.85 వంతుకి తగ్గిస్తుంది. అంటే 16 కాస్తా 13.6 అవుతుంది. పైగా ఆ పేరును రెండో వరసలోకి విరగనివ్వదు. ఇక ప్రతి నెలకూ ఆరు వరసలు వేస్తుంది. 2026 ఫిబ్రవరి చూడు, 1వ తేదీ ఆదివారం, 28 శనివారం, నాలుగు వరసలతో సరి. అక్కడా ఆరు వేసి, రెండు వరసల్లో పక్క నెల తేదీలు నింపుతుంది. ఎత్తు కూడా వెడల్పుని 1.35తో భాగించి తనే తేలుస్తుంది. 360 వెడల్పుకి 267 ఎత్తు. దాన్ని ఆరు వరసలకు పంచితే గడికి ఏం దక్కుతుంది? గళ్లు నలుగుతాయి, లేకపోతే లోపల ఇంకో స్క్రోలు పుట్టుకొస్తుంది. ఎత్తును గళ్లకు కావలసినంత పెరగనివ్వమను, నెలకెన్ని వరసలు కావాలో అన్నే వెయ్యమను.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. నువ్వు కొలతలన్నీ పిక్సెళ్లలో బిగించావు. బ్రౌజరు మామూలుగా ఇచ్చే అక్షరం 16. కొందరు దాన్ని సెట్టింగుల్లో 20కి పెంచుకుంటారు. నువ్వు ఆ అక్షరాన్నే కొలతగా పట్టే రెమ్‌లలో కొలిచి ఉంటే వాళ్లతోపాటు నీ పేజీ కూడా పెరిగేది. పిక్సెళ్లలో బిగిస్తే వాళ్లు పెంచుకున్నది ఇక్కడ చెల్లదు. అదీ చాలదన్నట్టు వేళ్లతో సాగదీయకుండా పేజీకి తాళం వేశావు. ఐఫోను ఆ తాళాన్ని లెక్కచెయ్యదులే, మన ఊళ్లో ఎక్కువ చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్‌లు. ఆ ఒక్క లైనూ ఇవాళే తీసెయ్యి. అక్షరం రెండింతలు చేసినా పేజీ చెదరకూడదని వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్ల నియమం. నువ్వు ఒకసారి 200 శాతానికి పెంచి చూడు, వారాల పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అక్కడ ఆది, సోమ, మంగళ అని పొట్టిగా రాసుకుంటే చాలు.

తెలుగక్షరం గురించి నాకు తెలిసినంత నీ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు తెలియదు, గర్వమే అనుకో. ద, ధ, థ మధ్య ఉన్న తేడా ఎంత? ఒక గీత, ఒక చుక్క. ప, ఫ అంతే. చిన్న సైజులో మొదట కరిగిపోయేవి అవే. ఇంగ్లీషులో 12 చదవగలిగినవాడికి తెలుగులో 12 చాలదు. మనకి వత్తులున్నాయి, కింద చోటు కావాలి. మేం వరసకీ వరసకీ మధ్య సీసపు పట్టీలు పెట్టేది అందుకే. నీ సీఎస్‌ఎస్‌లో వరస ఎత్తు 1.2 అని ఉంది, పెట్టె దాటినదాన్ని కత్తిరించమనీ ఉంది. దాంతో ‘ఆర్ద్ర’ కింద సగం తెగి ‘ఆర’ అయి కూచుంది. 1.6కి తక్కువ పెట్టకు, 1.8 అయినా నేను కాదనను.

ఫాంటు సంగతీ ఉంది. నువ్వు రోబోటో అని ఒక్కటే రాశావు, అందులో తెలుగు లేదు. అప్పుడు ఒక్కో యంత్రం తన దగ్గరున్నది తెచ్చి అతికిస్తుంది. విండోస్‌లో నిర్మలా, ఆండ్రాయిడ్‌లో నోటో, ఆపిల్‌లో కోహినూర్. ఒకే 16 మూడుచోట్ల మూడు రకాలుగా కనబడుతుంది. నీ ల్యాప్‌టాప్‌లో సరిపోయిన గడి మీ అత్తయ్య ఫోన్లో పొంగిపోయింది అందుకే. తెలుగు ఫాంటు నువ్వే ఎంచి పంపు. నోటో సాన్స్ తెలుగు అయితే సన్నం నుంచి బాగా లావు దాకా తొమ్మిది బరువులున్నాయి. మండలి కూడా నాకిష్టమే, కానీ అందులో ఒకటే బరువు. బోల్డ్ అడిగితే బ్రౌజరు సిరా పులిమినట్టు తనే లావు చేస్తుంది, ‘బ’ కడుపు మూసుకుపోతుంది. లక్కిరెడ్డి, రామరాజ లాంటివి పైన గుడి పేరుకి వాడుకో, గడిలోకి రానివ్వకు. తెలుగంకెలు పెట్టనా అని అడిగావు. ౨, ౩ అంటే నాకు ప్రాణం. అయినా వద్దు, తేదీ దగ్గర జనం తడుముకోకూడదు.

సెలవులకి ఎరుపు, మిగతావాటికి లేత బూడిద వేశావు. తెల్లటి మీద అంత లేత రంగు కంట్లో శుక్లం ఉన్నవాళ్లకి తెల్లకాగితమే. మామూలు అక్షరానికి వెనక రంగుతో 4.5కి 1 తేడా ఉండాలి. కొలిచే పనిముట్లు నీ బ్రౌజరులోనే ఉన్నాయి. ఎరుపూ పచ్చా తేడా తెలియని కళ్లూ ఉంటాయి గనక ఎరుపుతోపాటు ‘సెలవు’ అన్న మాట కూడా జాబితాలో ఉంచు.

ఇదంతా ఎందుకు, గూగుల్ క్యాలెండర్ తెచ్చి అతికిస్తే పోదా అని మీ ఆఫీసులో ఎవరో అన్నారన్నావు. అతికించొచ్చు. 800కి 600 పెట్టె ఇస్తారు, దాన్ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. లోపలి అక్షరం మాత్రం మన చేతిలో ఉండదు. ఇంటి గోడలు మనవి, వంటిల్లు అద్దెవాళ్లది అన్నట్టు. గుడికి నేనైతే వద్దంటాను.

సరిచేశాక ముందు 2026 ఆగస్టు పేజీ వేసి చూడు. 1వ తేదీ శనివారం, 31 సోమవారం, నిజంగానే ఆరు వరసలు పట్టే నెల. మేమైతే 23 పక్కన 30, 24 పక్కన 31 ఒకే గడిలో గీత గీసి సర్దేవాళ్లం, కాగితం సాగదు కదా. నీకా బాధ లేదు, ఆరో వరస వేసుకో. శ్రావణం మొదలయ్యేదీ ఆ నెలలోనే, మీ అత్తయ్య మొదట వెతికేదీ అదే. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు పట్టుకురా. జోడు నేను దాచేస్తాను.

మీ మావయ్య