గడపని కొయ్యొచ్చా?

ఊళ్ళో పాతిల్లు పడగొట్టినప్పుడు అన్నయ్య తలుపులూ దూలాలూ కలప కొట్టుకి అమ్మేశాడు. నేను వీధి గడప ఒక్కటే అడిగి తెచ్చుకున్నాను. ఆస్తి పంపకాల్లో ఏమీ అడగనిదాన్ని టేకు దుంగ అడిగితే అందరూ నవ్వారు.

రిటైరయ్యాక లేత్ మీద కర్రని తరిమెన పట్టడం నేర్చుకున్నాను. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసేవాళ్ళకి ఇది బతుకుతెరువు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినా వాళ్ళకది పనే. నాకు పెన్షనుంది, నాది సరదా. ఈ తేడా దాచి శ్రమలోని ఆనందం గురించి రాస్తే అబద్ధమవుతుంది. ఆనందం మాత్రం నిజం.

పాత కలపలో దాగిన మేకుల్ని అయస్కాంతంతో వెతికి తీయాలి, లేకపోతే ఉలి అంచు పోతుంది. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి ఉలి ఎలాగూ త్వరగా మొద్దుబారుతుంది. ముక్కుకి మాస్కు కట్టాలి. పైట, చున్నీ, గాజులు, వదులు జుట్టు పనికిరావు, తిరిగే కర్ర లాగేసుకుంటుంది. అన్నీ తీసి పక్కన పెట్టి ఉలి సరిగ్గా ఆనిస్తే చెక్క ఉల్లిపొరలా లేస్తుంది. ఆ గంటసేపు ఎవరు పిలిచినా మోటారు చప్పుడులో వినబడదు!

ఏం చేస్తున్నావని అడిగినవాళ్ళందరూ అప్పడాల కర్ర చేసిపెట్టమంటారు. మగవాళ్ళ పేకాట ఎవరికి ఉపయోగమని అడగం కదా. పరాయివాళ్ళనెందుకు, నా మొదటి ఏడాదంతా గరిటె కాడలూ పప్పుగుత్తులే.

అమ్మ మాత్రం వేరే ప్రశ్న వేసింది. "గడపని తొక్కకూడదు కదే, కొయ్యొచ్చా?"

అరవై ఏళ్ళు శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసింది ఆవిడే. ఆవిడని దాటనివ్వనిదీ అదేనని నా కోపం. కోస్తే కసి తీరుతుందనుకున్నాను. తీరా చూస్తే పసుపు గోరంత లోతు కూడా దిగలేదు. కింద తేనె రంగు టేకు, నూనె వాసన. కానీ అమ్మ చేతులు రుద్ది రుద్ది తెచ్చిన నునుపు కూడా ఆ మొదటి పొరతోనే పోయింది. గడప మీది కోపంలో ఆ చేతులు నాకు గుర్తు రాలేదు. ఆ మాటే అమ్మకి చెప్పాను. ఏమీ అనలేదు.

ఆ ముక్కతో బొంగరం చేశాను. చిన్నప్పుడు అన్నయ్యకుండేది, ఆడపిల్లకెందుకని నాకివ్వలేదు. అమ్మ చెక్కపొట్టు గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసింది. బొంగరానికి తాడు చుట్టబోయి చేతులు వణికి నాకిచ్చేసింది.

"నువ్వు తిప్పు, చూస్తాను."

మిగతా గడప మంచం కిందుంది. కొయ్యమనలేదు, వద్దనీ అనలేదు.