ఆకాశ ప్రయాణంలో దూరమెంత?

హైదరాబాదులోని తార్నాకను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని దాయిరతుల్ మఆరిఫ్, 1888లో ఏర్పడిన అరబ్బీ గ్రంథ ప్రచురణ సంస్థ, పదకొండో శతాబ్దపు పండితుడు అల్ బిరూనీ రచించిన ఖానూన్ అల్ మసూదీని 1954–56 మధ్య మూడు సంపుటాలుగా అచ్చువేసింది. నగరాల అక్షాంశ రేఖాంశాలను పట్టికలుగా ఇచ్చి, ఖిబ్లాను, అంటే నమాజులో అభిముఖం కావలసిన మక్కా దిశను, గణించే మార్గం చెప్పే ఆ గ్రంథంలో ఊరికీ ఊరికీ నడుమ దూరమంటే భూగోళం మీది ఒక కోణం. బాటసారి అలసటతో దానికి నిమిత్తం లేదు.

ధర్మశాస్త్రం మాత్రం ఆ అలసటను విస్మరించలేదు. ప్రయాణికుడు నాలుగు రకాతుల, అంటే నాలుగు ఆవృత్తుల, నమాజును రెండుగా కుదించుకోవడాన్ని ఖస్ర్ అంటారు. దక్కనులో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయం దీనికి మూడు రోజుల నడక దూరాన్ని కనీస ప్రమాణంగా పెట్టగా, భారతీయ పండితులు దానిని 48 మైళ్లుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కకట్టారు. హైదరాబాదు నుంచి జెద్దాకు దాదాపు 4,100 కిలోమీటర్లున్నా విమానం ఆరు గంటల్లో చేరుస్తుంది. 77 కిలోమీటర్లు దానికి అయిదారు నిమిషాల పని. శ్రమ కోసమే ఇచ్చిన సడలింపు శ్రమ తగ్గినప్పుడు నిలుస్తుందా?

ఇక్కడ పండితులు ఇల్లత్‌ను, అంటే విధికి ఆధారమైన హేతువును, హిక్మత్ నుంచి, అంటే ఆ విధి వెనుక ఉన్న ప్రయోజనం నుంచి వేరుచేస్తారు. కష్టం తొలగించడం ప్రయోజనమే గాని, కష్టం మనిషికొక తీరు కనుక హేతువు కాజాలదు. కొలవదగిన ప్రయాణమే హేతువు. వడిగా సాగి మూడు రోజుల దారిని ముందే ముగించినవాడికీ ఖస్ర్ వర్తిస్తుందనడం ఈ తర్కం నుంచే వచ్చింది. అయితే పన్నెండో శతాబ్దపు హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం హిదాయా, నేలమీది నడకతో సముద్రయానాన్ని కొలవరాదని, దేని గతి దానిదేనని అంటుంది. ఆ లెక్కన ఆకాశానికీ దాని గతినే ప్రమాణం చేస్తే, భూమిమీద ఎంత దూరపు నగరమైనా ఒక రోజు ఎగిరితే అందేదే కనుక, విమానమెక్కినవాడు ఏనాటికీ ప్రయాణికుడు కాలేడు. ఈ అసంగతమే దూరాన్ని ప్రమాణంగా నిలుపుతున్నదని చెప్పాలి. (ఊరి ఇళ్లు దాటాకే ఖస్ర్ మొదలవుతుంది గనుక, విమానాశ్రయమున్న శంషాబాదు ఊరిలోనిదా వెలుపలిదా అన్నది నానాటికీ పెరిగే ఈ నగరంలో తేలికైన ప్రశ్న కాదు.)

కాలం మరోచోట తన పట్టు చూపుతుంది. యాత్రికుడు ఇహ్రామ్, అంటే హజ్ దీక్ష, లేకుండా దాటకూడని సరిహద్దును మీఖాత్ అంటారు. నేలమీది ఆ హద్దు దాని పైనున్న ఆకాశానికీ వర్తిస్తుంది. విమానం దానిని నిమిషాల్లో దాటిపోతుంది. అందువల్ల నేరుగా జెద్దాకు వెళ్లే యాత్రికులు చాలామంది దీక్షావస్త్రాలను హైదరాబాదులోనే కట్టుకొని, నియ్యత్ అనే సంకల్పాన్ని మీఖాత్ సమీపించినప్పుడు చెప్పుకుంటారు.