చుట్టరికం కలుపుకున్న కథలు

పచ్చదనాన్ని వర్ణించి చెబితే ప్రకృతి మీద ప్రేమ దానంతట అదే కలుగుతుందన్న నమ్మకం కాలువ నీళ్లు పారే పంటపొలాల మధ్య సహజంగానే పుడుతుంది గాని, ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన కురిసి, ఆ కురిసేది కూడా అదనుకు కురుస్తుందన్న భరోసా లేని కర్నూలు, కడప సీమల్లో ఆ నమ్మకానికి నిలువనీడ దొరకదు. ఎండిన వంక, నెర్రెలిచ్చిన నల్లరేగడి, తుమ్మా రేగూ తప్ప మరో మొక్క కనిపించని గుట్ట, ఇవి చూడగానే ముద్దొచ్చే దృశ్యాలు కావు. అయినా ఈ సీమ మనిషికి తన కొండతోనూ చెరువుతోనూ సన్నిహితమైన, మర్యాదతో కూడిన అనుబంధం తరతరాలుగా ఉంటూ వచ్చిందంటే, దానికి అందం కారణమని చెప్పడం కష్టం. నోటి కథలు ఆ కొండనూ చెరువునూ వాననూ అతనికి చుట్టాలను చేశాయి. చుట్టరికమంటే ఆప్యాయత ఒక్కటే కాదు. పెట్టుపోతలు, అలకలు, బాకీలు, పిలవకపోతే పడే మాట, పిలిచాక తప్పని మర్యాద, ఇవన్నీ పెనవేసుకున్న కట్టుబాటు అది. నచ్చిన రోజు చూసి వచ్చి, నచ్చని రోజు మరిచిపోవడం దృశ్యం విషయంలో చెల్లుతుంది, చుట్టం విషయంలో చెల్లదు.

ఈ మాటకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం అహోబిలంలో ఉంది. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో భాగంగా ఉన్న ఈ క్షేత్రం నల్లమల అంచున, ఆళ్లగడ్డకు తూర్పున, ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం అని రెండుగా ఉంటుంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన తర్వాత కూడా ఉగ్రం చల్లారని నరసింహుడు ఈ అడవిలో తిరుగుతూ, వేటకు వచ్చిన చెంచు పడుచు చెంచులక్ష్మిని చూసి మనసుపడి పెళ్లాడాడన్నది ఇక్కడి కథ. చెంచులంటే నల్లమలలో వేట మీద, తేనె మీద, భూమిలో దొరికే గడ్డల మీద ఆధారపడి బతుకుతూ వచ్చిన ఆదివాసులు; వాళ్ల చిన్న చిన్న నివాసాలను పెంటలనీ గూడేలనీ అంటారు. ఈ కథను అహోబిల మఠం ఏడవ పీఠాధిపతి ‘వాసంతికా పరిణయం’ అనే సంస్కృత నాటకంగా రాయగా, మఠం తన శాస్త్ర మర్యాదలో దానికి చోటు కల్పించింది. సినిమా కూడా దీన్ని వదల్లేదు. 1943లోనూ 1958లోనూ ‘చెంచులక్ష్మి’ పేరుతో రెండు చిత్రాలు వచ్చాయి.

కథలో ఉన్న అసలు మెలిక పండితులు చూసిన చోట కన్నా చెంచులు చూసిన చోట ఉంది. లోకాలను గడగడలాడించిన దేవుడు అడవికి వచ్చేసరికి ఏమీ చేతకాని పెళ్లికొడుకు అవుతాడు. చెట్టెక్కడం రావాలి, తేనె తీయడం రావాలి, విల్లు పట్టడం రావాలి, అప్పుడు గాని పిల్లనివ్వరు. అడవి తెలిసినవాళ్లు అత్తగారివైపు వాళ్లు, తెలియనివాడు అల్లుడు. తెలుగునాట అల్లుడికి మర్యాద ఎంత జరిగినా, వేళాకోళం కూడా అంతే జరుగుతుందని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. సింహపు తల ఉన్న దేవుడు, అంటే మనిషీ మృగమూ కలిసిన రూపం, ఒక మానవ కుటుంబానికి అల్లుడు కావడంతో అడవి మృగానికీ గూడేనికీ నడుమ వరస కలిసింది. భయం పూర్తిగా పోలేదు, పోవాలని కథ కోరలేదు కూడా.

ఈ వరస మాటలతోనే ఆగిపోకుండా ఏటా ఒకసారి దారి పట్టి నడుస్తుంది. సంక్రాంతి పండుగలో కనుమనాడు మొదలై నలభై రోజుల దాకా సాగే పారువేటలో, అంటే దేవుడు వేట నెపంతో ఊళ్లు తిరిగే ఉత్సవంలో, రెండు అహోబిలాల ఉత్సవమూర్తులూ పల్లకిలో చుట్టుపక్కల గ్రామాలకు కదులుతారు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని స్వామి స్వయంగా పిలవడానికి వస్తున్నాడని జనం నమ్మకం. బోయీలు పల్లకిని భుజం మార్చుకుంటూ తెచ్చి ఊరి అరుగు మీద దించేసరికి, ఆ ఊరి వంతు, ఆ ఇంటి వంతు, ఎవరు ఏం పెట్టాలన్న లెక్క అంతా ముందే తేలి ఉంటుంది. బయలుదేరే ముందు చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకి వైపు బాణం వేయడం ఆనవాయితీ. కొత్తగా చూసేవాడికి అది దేవుడి మీద దాడిలా తోచవచ్చు. అడవి దాటి వెళ్తున్న అల్లుడికి కాపలా మేమున్నామని అత్తింటివారు చూపే భరోసా అది. లోకాన్ని కాచేవాణ్ణి కాచే పని తమదని ఒక చిన్న సమూహం ఏటా విల్లు పట్టి చాటుకుంటున్నదంటే, మనిషికీ ప్రకృతికీ ఉన్న సంబంధంలో పూచీ ఎటువైపు నుంచి ఎటు పారాలన్న విషయంలో ఆ కథకు స్పష్టత ఉన్నట్టే. శ్రీశైలంలో మల్లికార్జునుణ్ణి చెంచు మల్లయ్యగా పిలుచుకోవడంలోనూ ఇదే వరస వినిపిస్తుంది. ఈ సీమలో ఓబులేసు, ఓబులమ్మ, మద్దిలేటి అని పిల్లలకు పెట్టే పేర్లు కొండల్లో, వాగుల ఒడ్డున వెలసిన దేవుళ్లవే.

చుట్టరికం ఉన్నచోట తీసుకోవడానికీ ఒక హద్దు ఉంటుంది. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త కృష్ణకు అవతలి ఒడ్డున, నాటి నిజాం రాజ్యంలోని చెంచుల మధ్య ఉండి 1943లో ప్రచురించిన గ్రంథంలో గారెలమైసమ్మ అనే దేవత కనిపిస్తుంది. వేటనూ అడవి పళ్లనూ ఇచ్చేది ఆమె, కాబట్టి దొరికినదాంట్లో ముందు ముద్ద ఆమెది. కొండచరియకు వేలాడే తేనెపట్టు కోసం తాడు కట్టుకుని లోయలోకి దిగేటప్పుడు పైన తాడు పట్టేవాడు బావమరిది అయి ఉండాలని గూడేల్లో చెబుతారు, తన అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమలు అతని చేతిలో ఉంటాయి గనక. ఇందులో కవిత్వం కన్నా లోకజ్ఞానమే ఎక్కువ. తేనెకూ మనిషికీ నడుమ ఉన్న ఆ తాడు అక్షరాలా ఒక చుట్టరికం మీద ఆధారపడి ఉంది.

అయితే కథ కలిపిన వరసను కాగితం గుర్తించాలన్న నియమం లేదు. నల్లమల పులుల అభయారణ్యంగా మారిన తర్వాత, దేవుడికే పిల్లనిచ్చిన గూడేలు తమ అడవిలో తాము ఉండడానికి అనుమతి చూపాల్సిన స్థితికి వచ్చాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కొంత ఊరట కలిగించినా, హక్కును రుజువు చేసే భారం వాళ్ల మీదే పడింది. ఉత్సవంలో చెంచు బాణానికి చప్పట్లు కొట్టే లోకం, చెంచు గడ్డలు తవ్వుకునే చోటికి వచ్చేసరికి హద్దురాయి చూపడంలో ఉన్న వైరుధ్యాన్ని ఎంత మెత్తగా చెప్పినా అది వైరుధ్యమే.

నీటి విషయంలో ఈ సీమ కథ మరింత కటువుగా ఉంటుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర, విజయనగర బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం చెరువు నిర్మాణానికి పన్నెండు సాధనాలనూ ఆరు దోషాలనూ ఏకరువు పెడుతుంది. ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం చదివిన పండితుడు, గట్టి బంకమన్ను ఉన్న నేల, తీయటి నీళ్లు తెచ్చే ఏరు సాధనాల్లో చేరగా, కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, నీరెక్కువై ఆయకట్టు తక్కువ కావడం, ఆయకట్టు ఎక్కువై నీరు తక్కువ కావడం వంటివి దోషాల్లో ఉన్నాయి. రోజుకు వెయ్యిమంది కూలీలూ వంద బళ్లూ రెండేళ్లు పనిచేశాయన్న లెక్క కూడా అందులోనే ఉంది. ఇంతకన్నా పద్ధతిగా చెరువును గురించి చెప్పిన రాత అరుదు. కాని రాతి మీద చెక్కిన సంస్కృతాన్ని చదవగలిగినవాళ్లు ఊరికి ఎంతమంది? కట్ట తెగితే ఏమవుతుందో, వర్షాకాలపు రాత్రి కట్ట మీద ఎందుకు మేలుకుని ఉండాలో ఊరి పిల్లకు చెప్పింది శాసనం కాదు, కట్ట మీది గంగమ్మ గుడి కథ.

పొరుగున అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రంలో ముసలమ్మ కథ అలాంటిదే. తెగబోతున్న చెరువు కట్ట నిలవాలంటే బసిరెడ్డి ఇంటి కోడలు ముసలమ్మ బలి కావాలని దివ్యవాణి పలకగా, ఆమె పిల్లలను అప్పగించి, పెద్దల దగ్గర సెలవు తీసుకుని, గండి దగ్గరికి నడిచి నీటిలో కలిసిపోయిందని ఆ కథ. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థి దశలోనే దీన్ని ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా మలిచి ఆధునిక తెలుగు కావ్యానికి ఒక కొత్త దారి వేశారు. ఈ కథ విన్నవాడికి చెరువు కేవలం నీటి గుంట కాదు, ఆడకూతురు కొలువున్న చోటు. అందులో చెత్త పోయడానికీ తూము పగలగొట్టడానికీ చెయ్యి వెనకాడుతుంది. అయితే ఆ జంకును కొనడానికి కథ చెల్లించిన వెల ఎవరిదో కూడా గమనించాలి. కట్ట వేసిన రాజు గాని, కట్టను పట్టించుకోని పెద్దలు గాని బలికి పిలుపు అందుకోలేదు. బయటి ఇంటి నుంచి వచ్చిన కోడలు అందుకుంది. ప్రకృతి పట్ల గౌరవాన్ని నేర్పే కథలన్నీ మనుషుల మధ్య న్యాయాన్ని కూడా నేర్పుతాయని అనుకోవడం పొరపాటు, ఈ కథే అందుకు రుజువు.

వానకు సంబంధించి ఈ సీమ కథను పిలుపుగా వాడింది. వాన మొండికేసిన ఏడు, రచ్చబండ దగ్గరో గుడి మండపంలోనో విరాటపర్వం చదివించి అర్థం చెప్పించడం రాయలసీమ పల్లెల్లో చాలాకాలం వాడుకలో ఉంది. భారతంలో ఆ పర్వాన్నే ఎంచుకోవడానికి కథలోనే ఆధారం ఉంది. అజ్ఞాతవాసంలోని పాండవుల జాడ దొరకక దుర్యోధనుడు కలవరపడుతుంటే, ధర్మరాజు ఉన్న దేశంలో వానలు సకాలంలో కురుస్తాయనీ పాడిపంటలు నిండుగా ఉంటాయనీ భీష్ముడు ఆనవాళ్లు చెబుతాడు. కాబట్టి ఆ చదువు వినడమంటే, మేఘం రాకపోవడానికీ ఊళ్లో మనుషుల నడతకూ ఏదో లంకె ఉందని ఊరంతా కూర్చుని ఒప్పుకోవడం. 1876–78లో జనాన్ని తుడిచిపెట్టిన ధాత కరువు వంటి విపత్తుకు నడతను మాత్రమే కారణం చూపితే, ధాన్యాన్ని రేవులకు తరలిపోనిచ్చిన పాలకులకు అది మంచి చాటు అయివుండేది. పిల్లల కప్పతల్లి ఆట ఇంత బరువు మోయదు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు పిల్లలు చెరో చివర భుజాన వేసుకుని ఇంటింటి ముందూ ఆగుతారు. ఇల్లాలు బిందె తెచ్చి దాని మీద నీళ్లు కుమ్మరించి, చేటలో గింజలు పెడుతుంది. కప్ప అభిప్రాయం ఎవరూ అడగరన్నది వేరే సంగతి. తాగడానికే నీళ్లు లేని రోజున ఒక బిందె నీళ్లు కప్ప మీద పోయడం పిసినారి మనసుకు మింగుడుపడదు గాని, పెట్టనిదే అడగకూడదన్న పెట్టుపోతల లెక్క పిల్లలకు అక్కడే వంటబట్టేది.

కథ లేకున్నా కంచె కాపాడుతుందన్న భ్రమకు కూడా ఈ నేలలోనే విరుగుడు దొరుకుతుంది. బట్టమేక పక్షి కోసం 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో 6.14 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఏర్పడింది. కంచెలు, కాపలాలు వచ్చాయి. గడ్డి పెరిగి కృష్ణజింకల సంఖ్య పెరగడంతో చుట్టుపక్కల చేలు మేతగా మారి, రైతు ఆ పక్షినీ జింకనూ అధికారుల సొత్తుగా చూడసాగాడు. పక్షి అక్కడ కనుమరుగయ్యే దశకు చేరింది. దీనికి భిన్నంగా, 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందని లోకం అనుకున్న కలివికోడి అనే పక్షి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర తిరిగి బయటపడింది. దాని కోసం బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకులు బొమ్మలు పట్టుకుని ఊరూరా అడుగుతూ తిరగగా, రాత్రిపూట దీపం వెలుగులో పిట్టలు పట్టే స్థానికుడొకడు దాన్ని పట్టి తెచ్చాడు. పట్టుబడిన పక్షి ఎన్నాళ్లో బతకలేదు. ఎనభై ఆరేళ్లు శాస్త్రానికి లేనిది, పొదల్లో తిరిగేవాళ్ల మాటల్లో పేరుతో సహా ఉంటూనే ఉంది.

ఆ పక్షికి అభయారణ్యం ఏర్పడి, శ్రీలంకమల్లేశ్వరుడి పేరు దానికి వచ్చింది. తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి చొరబడినప్పుడు దారి మళ్లించాల్సి కూడా వచ్చింది. అయినా కలివికోడికి ఇంతవరకూ ఒక కథ లేదు. చెంచులక్ష్మికి ఉన్నట్టు పెళ్లి గాని, ముసలమ్మకు ఉన్నట్టు గండి గాని లేక, అది నివేదికల్లోనూ ఫలకాల మీదా మాత్రమే బతుకుతున్నది. అటువంటి కథను కార్యాలయంలో రాయించి ఊళ్లకు పంచడం కుదిరే పని కాదు. గొర్రెల మందతో లంకమల కొండల పాదాల వెంట రాత్రుళ్లు గడిపేవాళ్లు దాని కూతను ఏ చుట్టంతో పోలుస్తారో, దానికి ఏ బాకీ పడ్డామనుకుంటారో, ఆ మాట ముందు వాళ్ల నోటి నుంచి రావాలి. వచ్చినప్పుడు అది చెప్పేవాడి పక్కన వినే పిల్లలు ఉండాలి. ఆ పిల్లలు ప్రస్తుతం ఎక్కువమంది హాస్టళ్లలో చదువుకుంటున్నారు, సెలవులకు మాత్రమే మంద దగ్గరికి వస్తున్నారు.