ఇసుక క్రింద హద్దురాయి



మన తెలుగు బైబిలులో ఎడారికి తరచుగా 'అరణ్యము' అనే మాటే వాడారు. అందువలన యేసుప్రభువు నలువది దినములు ఉపవాసమున్న చోటును సండే స్కూలు పిల్లలు చెట్లు చేమలతో బొమ్మ వేస్తారు. నిజమైన ఇసుక చూపాలంటే బళ్ళారివారు రాజస్థానం పోనవసరం లేదు. సరిహద్దు దాటితే అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు దగ్గర ఇసుక దిబ్బలున్నాయి. సినిమావాళ్ళు ఎడారి దృశ్యాలు అక్కడ తీశారు.

మనం హగరి అని పిలిచే వేదవతి చాలా నెలలు ఎండి ఉంటుంది. ఆ జిల్లాలో వాన ఏటా సుమారు 550 మిల్లీమీటర్లే. జూన్ నుండి వీచే నైరుతి గాలి ఏటి ఇసుకను లేపి పొలాలమీద పోస్తుంది. రైతులు ట్రాక్టర్లు పెట్టి తోయించినా మరుసటేటి గాలికి మళ్ళీ వస్తుంది.

గల్ఫ్ నుండి సెలవుపై వచ్చిన మన యువకులు కొందరు స్నేహితులతో రెండు జీపుల్లో అక్కడికి బయలుదేరి, పెద్దవాడొకడు తోడుంటే మంచిదని నన్నూ ఎక్కించుకున్నారు. దిబ్బ ఎక్కి దిగుతుంటే భయమూ వేసింది, సంతోషమూ కలిగింది. "ఇంకొకసారి పోనివ్వు నాయనా" అన్నది నేనే. దాచడమెందుకు? రాత్రి డేరాలు వేసి, అన్నం వండుకొని, ప్రార్థన చేసి పాటలు పాడాము. ఆ నక్షత్రాలు చూస్తే అబ్రాహాము జ్ఞాపకం వచ్చాడు. అందులో పాపమేమీ నాకు ఇప్పటికీ కనబడదు.

తెల్లవారి ఒక జీపు కూరుకుపోయింది. ఒక రైతు వచ్చి చక్రాల క్రింద చొప్ప వేసి, మాతోపాటు తానూ తోశాడు. బండి కదిలాక మెల్లగా అన్నాడు: "ఈ కిందనే మా చేను ఉండాది సార్. శెనక్కాయ పండేది. మా నాయన పాతిన హద్దురాయి ఈడనే యాడో ఉండాల."

ఆయన పోయాక ఒక అబ్బాయి, "పంట లేదు, చెట్టు లేదు. మనవల్ల పోయిందేమిటి అంకుల్?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇసుకను పట్టి ఉంచే గడ్డీ పొదలూ చక్రాలకు నలిగితే, వదులైన ఇసుక గాలికి ప్రక్క చేను చేరుతుందని చెప్పాను. కాని అది సగం జవాబే. గడ్డిపోచ కూడా లేని చోట ఏమి చెప్పాలి? పొరుగువాని హద్దురాయి తీయరాదని ధర్మశాస్త్రం. ఇక్కడ రాయిని ఎవరూ తీయలేదు, గాలి కప్పింది. నేల పంటను పోగొట్టుకున్నంత మాత్రాన యజమానిని కూడా పోగొట్టుకుంటుందా? పోగొట్టుకోదనే నేననుకుంటాను. ఆ రైతు ఇంకా "మా చేను" అనే అంటున్నాడు.

ఇశ్రాయేలీయులు ఎదోము పొలిమేరకు వచ్చినప్పుడు, పొలాలలో, ద్రాక్షతోటలలో అడుగుపెట్టము, రాజమార్గమునే పోతామని మోషే కబురు పంపాడు (సంఖ్యాకాండము 20వ అధ్యాయం). ఎదోము రాజు ఒప్పుకోలేదు, వారు చుట్టు తిరిగిపోయారు. నలువది ఏండ్లు ఎడారిలో తిరిగినవారే అడిగారు. ఒక్క రాత్రికి పోయిన మేము అడగనే లేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైతు చూపించిన బండ్ల బాటనే వచ్చాము. మూడు కిలోమీటర్లు ఎక్కువైంది.