విమానం మీద దాత పేరు

లండన్ శివారు హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ ఒకటుంది. రకం డీహెచ్ 9ఏ, నంబరు ఎఫ్1010. 1918లో ఫ్రాన్స్ వెళ్లిన 110వ స్క్వాడ్రన్‌కు తొలి విమానాలన్నీ హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన కానుక. ఆ సంగతి ఒక్కో విమానం మీదా రాయించారు. దళానికే హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు పడింది. ఎఫ్1010 ఆ ఏడు అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి వెళ్లి శత్రువుకు చిక్కింది. బెర్లిన్‌లో, ఆపైన పోలండ్‌లో ఉండి 1977లో బ్రిటన్ చేరింది.

గుడి మెట్టు మీదో, సత్రం గోడ మీదో దాత పేరు చెక్కించడం నిజామాబాద్ వాళ్లకు కొత్త కాదు. ఆ మెట్టెక్కిన ప్రతివారి పుణ్యంలో దాతకు వాటా వెళ్తుందని నమ్మకం. మరి బాంబులు మోసే యంత్రం మీద దాత పేరుంటే, అది చేసిన పనిలో వాటా ఎవరికి?

చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు నలుగురికీ పుణ్యపాపాల్లో సమభాగమని పెద్దలు చెబుతారు. మంచికి సిఫారసు చేసినవారికి మంచిలో, చెడుకు సిఫారసు చేసినవారికి చెడులో భాగం ఉంటుందని నిజాం చదివిన ఖురాన్ కూడా అంటుంది. జైనం చేయడాన్నీ, చేయించడాన్నీ, మెచ్చుకోవడాన్నీ ఒకే గాటన కడుతుంది.

ఆ జైనం నిజామాబాద్ జిల్లాలోని బోధన్‌కు పరాయిది కాదు. జైన పురాణాల్లో బాహుబలి ఏలిన పోదనపురం ఈ ఊరేనని చాలామంది పండితుల అభిప్రాయం. అన్న భరతుడితో తగవు ముదిరినప్పుడు సేనలు చావకూడదని ఇద్దరే చూపులతో, నీళ్లలో, మల్లయుద్ధంలో తలపడ్డారని కథ. గెలిచిన బాహుబలి రాజ్యం వదిలి తపస్సుకు వెళ్లాడు. తన కోసం ఇంకొకరు చంపినా ఆ హింస తనదేనని ఆ అన్నదమ్ములు గుర్తించారు.

అయితే పేరు ఒక్కటే పాపాన్ని మోసుకురాదు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన విమానం ముక్కు దగ్గర పైలట్ పాల్ టిబెట్స్ తన తల్లి ఎనోలా గే పేరు రాయించాడు. ఆమె చేయలేదు, చేయించలేదు. నిజాం సంగతి వేరు. అక్కడ పేరు వెనుక సంకల్పం ఉంది, సొమ్ము ఉంది.

ఆ సొమ్ముకు ప్రధాన మూలం భూమి శిస్తు. శిస్తు కట్టినవారిలో నిజామాబాద్ జిల్లా రైతులూ ఉన్నారు. వారి పేర్లు ఏ విమానం మీదా లేవు. వారిని ఎవరూ అడగలేదు. ఆమోదం లేనిచోట పాపంలో భాగమూ లేదు.

అదే నిజాం ఏలుబడిలో 1923లో మొదలై 1931లో నిజాంసాగర్ పూర్తయింది. మంజీర నీటితో చెరకు పెరిగింది, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. తరాల తరబడి కడుపు నింపిన ఆ పుణ్యం చాలా పెద్దది. కానీ కర్మ సిద్ధాంతం పుణ్యంలోంచి పాపాన్ని తీసివేసి మిగులు చూడదు. దేని ఫలం దానిదే.

1918 నాటి రైతుకు ఓటు లేదు, యుద్ధం ఎందుకని అడిగే వీలూ లేదు. నేటి బోధన్ రైతుకు రెండూ ఉన్నాయి. ఎక్కడో ఊళ్ల మీద బాంబులు పడుతుంటే టీవీ ముందు కూర్చుని భేష్ అన్నప్పుడు అతనూ ఆ నలుగురిలో ఒకడవుతాడు. వద్దనిపిస్తే ఆ మాట తాను ఎన్నుకున్న మనిషిని నిలదీసి చెప్పవచ్చు.