అడగకుండా నడిచే దారి

చలికాలం వచ్చిందంటే మన పాడేరు దగ్గర వంజంగి కొండకు జనం బారులు తీరుతున్నారు. చీకటితోనే ఎక్కడం మొదలుపెట్టి తెల్లారేసరికి పైన నిలబడతారు. కింద లోయంతా మబ్బు పరుచుకొని ఉంటుంది. సూర్యుడు కనబడగానే అందరూ ఒక్కసారి కేక వేస్తారు. ఎండెక్కాక దిగి, బొంగులో చికెన్ తిని, రాత్రికి విశాఖపట్నం చేరిపోతారు.

ఇందులో తప్పేముందని మన కుర్రాళ్లు అడుగుతారు. తప్పేమీ లేదు, ఆ మాట ముందే చెప్పాలి. పనిలేకుండా కొండెక్కడం పట్నం వాళ్ల పిచ్చి అని మన పెద్దలు నవ్వుతారు గాని, వాళ్లు మాత్రం పని కోసమే ఎక్కారా? కొండచీపుర్లకు పోయిన ఆడవాళ్లు మోపు కట్టేశాక కూడా బండ మీద కూర్చొని పాటలు పాడుకునేవారు. ఇటుకల పండగకు వేటకు పోయిన మగవాళ్లు ఉత్త చేతులతో వస్తే ఎకసెక్కాలు తప్పవు. అయినా మరుసటి ఏడు మళ్లీ పోయేవారు. అడవిలో నడిస్తే సంతోషమని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మమ్మల్ని ఆలోచింపజేసేది ఆ సంతోషం కాదు, దారి గుర్తులు. బోర్డులు, బాణం గుర్తులు మంచివే. మనిషి దారి తప్పడు, లోయలో పడడు. వలిసె పూల చేలో దిగి ఫోటోల కోసం పంట తొక్కేవాళ్లను కొంతైనా ఆపుతాయి. అయితే బాణం గుర్తున్న దారిలో ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఇదివరకు కొత్త మనిషి వస్తే ఊరి మొదట్లోనే ఆగి దారి అడగాల్సి వచ్చేది. ఏ ఊరు, ఎవరింటికి అని మనం అడిగేవాళ్లం. ఆ రెండు మాటలతోనే అతను చుట్టమయ్యేవాడు, అంబలి తాగి పోయేవాడు. ఇప్పుడు వందలమంది మన ఇళ్ల పక్కనుంచే పోతారు గాని చుట్టం ఒక్కడూ లేడు. అడగనివాడికి ఆ కొండ ఎవరూ లేని కొండలాగే కనబడుతుంది.

ఇంగ్లీషులో వైల్డర్‌నెస్ అనే మాట ఉంది. మనిషి కాపురం లేని అడవి అని దాని అర్థం. అమెరికాలో 1964లో చేసిన చట్టం అలాంటి చోట మనిషి వచ్చిపోయే వాడే గాని ఉండేవాడు కాదని రాసుకుంది. ఆ దేశంలోనే యోసెమిటీ లోయ ఉంది, నడక దారులకు ప్రపంచమంతా పేరు. 1851లో సాయుధ దళం వచ్చి అక్కడి ఆదివాసులను తరిమింది, వాళ్ల ఊళ్లు తగలబెట్టింది. 1890లో యోసెమిటీ జాతీయ పార్కు ఏర్పడింది. అంటే కొన్నిచోట్ల ముందు ఖాళీ చేయించి, తరవాత ఖాళీ అని పేరు పెట్టారు. ఇక్కడ మనం ఇంకా ఉన్నాం. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దారికి ఏ బోర్డూ లేదు. పోనీ, అది వేరే వ్యాసం.

పట్నం వాళ్ల సంగతి అలా ఉంచండి. మూడో తరగతికే ఆశ్రమ పాఠశాలకు వచ్చేసిన మన పిల్లలు సెలవులకు ఇంటికి పోయి తమ కొండనే 'వ్యూ పాయింట్' అంటున్నారు. ఆ బండను అవ్వ ఏ పేరుతో పిలుస్తుందో వాళ్లకు తెలియదు. ఇంకో పదేళ్లకు వాళ్లకూ బాణం గుర్తు కావాలి. టీచర్లు పిల్లల చేత అవ్వనూ తాతనూ అడిగించి ఆ పేర్లు నోటు పుస్తకంలో రాయించాలి. మార్కులు వేయకపోయినా ఫరవాలేదు. నడక సరదా ఉన్న కుర్రాళ్లు బోర్డు చూసి కాదు, ఆ పేర్లు పట్టుకొని నడవాలి.

2006 అటవీ హక్కుల చట్టం చుట్టూ ఉన్న అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. బోర్డు మీద ఏ పేరు ఉండాలి, పంట ఉన్న నెలల్లో ఏ దారి మూయాలి అన్నది అక్కడ మాట్లాడాలి. దేవత ఉన్న చోటికి బాణం గుర్తు వేయాలా వద్దా అన్నదీ అక్కడే తేలాలి. మా మటుకు మేం వద్దనే అంటాం.